కంచం చుట్టూ మెతుకులు

పప్పన్నం ముద్ద ఒకటి కంచంలోంచి నోట్లోకి వెళ్ళడానికి చెయ్యి ఎన్ని పనులు చేస్తుందో ఒకసారి తీరిగ్గా చూడాలి. వేళ్ళు అన్నంలోంచి కొంత పక్కకు లాగుతాయి. పప్పు దాని మీదికి తెచ్చి, నొక్కి, తిప్పి కలుపుతాయి. కలిపినదాన్ని నాలుగు వేళ్ళ కొసల మీదికి పోగుచేసి, కంచానికేసి చిన్నగా ఒత్తి ముద్ద చేస్తాయి. మణికట్టు తిరుగుతుంది, మోచెయ్యి మడుచుకుంటుంది, తల కాస్త ముందుకు వంగుతుంది. ఆఖరికి బొటనవేలు వెనకనుంచి ముద్దను నోట్లోకి నెడుతుంది. ఇంత పనీ టీవీ చూస్తూ చేసేస్తాం. ఎవరో కూర్చోబెట్టి నేర్పారన్న జ్ఞాపకం కూడా ఉండదు.

ఆటిజం ఉన్న చాలామంది పిల్లలకు ఈ పని దానంతటది రాదు. ఆరేడేళ్ళు వచ్చినా అరచేత్తో అన్నం పట్టి నోటికి అదుముకుంటారు. సగం మెతుకులు చొక్కా మీద, సగం నేల మీద. గడ్డానికి పెరుగు, మోచేతిదాకా పప్పు. చూసినవాళ్ళు గారాబం అంటారు, కాదంటే పెంపకం అంటారు. రెండూ కాదు. మెతుకులు కింద పడటం మర్యాదకు సంబంధించిన సంగతి కాదు, ఒంటికి సంబంధించిన సంగతి. మర్యాద పాఠంలా చెప్పబోతే ఇంట్లో టెన్షన్ తప్ప ఏమీ పెరగదు. ఈత, సైకిలు నేర్పినట్టు చేతిపనిగా నేర్పితే, చాలామందికి నెమ్మదిగానైనా వస్తుంది.

ఆటిజానికీ తిండికీ ఉన్న పేచీ కొత్తగా కనిపెట్టింది కాదు. 1943లో బాల్టిమోర్‌లో లియో కానర్ అనే మానసిక వైద్యుడు 11 మంది పిల్లల గురించి రాసిన వ్యాసంతో ఆటిజానికి వైద్యంలో ఒక విడి గుర్తింపు మొదలైంది. బయటి ప్రపంచం పిల్లల మీదికి తెచ్చే మొట్టమొదటి చొరబాటు తిండే అన్న అర్థంలో ఆయన ఆ వ్యాసంలోనే ఒక మాట రాశారు. తల్లిదండ్రుల ముభావానికీ ఆటిజానికీ సంబంధం ఉందన్న ఆయన అంచనాలు తరవాత నిలబడలేదు, ఈ పరిశీలన మాత్రం నిలబడింది. 2013లో వచ్చిన డీఎస్ఎం-5లో, అంటే అమెరికన్ మానసిక వైద్యుల సంఘం వాడే నిర్ధారణ గ్రంథంలో, స్పర్శ, శబ్దం, వాసన లాంటివాటికి మరీ ఎక్కువగానో మరీ తక్కువగానో స్పందించడం ఆటిజం లక్షణాల్లో ఒకటిగా చేరింది.

ఈ ఎక్కువ, తక్కువ అన్న రెండు మాటలే కంచం దగ్గర చాలా సంగతులు విప్పిచెబుతాయి. స్పర్శ ఎక్కువగా తెలిసే పిల్లకు పెరుగన్నం చేతికి అంటుకోవడం భరించరానిది. వేళ్ళు విడదీసి గాల్లో పెడుతుంది, లేదా రెండు వేళ్ళ కొసలతో మాత్రమే ముట్టుకుంటుంది. రెండు వేళ్ళ మధ్య ముద్ద నిలవదు కాబట్టి జారి ఒళ్ళో పడుతుంది. తక్కువగా తెలిసే పిల్లవాడి సంగతి వేరు. వాడి గడ్డానికి మెతుకులు అంటుకున్నాయన్న కబురే వాడికి అందదు. నోరు నిండిందన్న సంగతీ అందదు, అందుకే మింగకముందే ఇంకో ముద్ద కుక్కుతాడు. చేతికి అంటితే గోల పెట్టే పిల్లవాడే నోట్లో మాత్రం కుక్కుకోవచ్చు కూడా. ఒకే ఒంట్లో రెండూ ఉండటం వింతేమీ కాదు. వీటికి తోడు మూడో కారణం ఒకటుంది: ఏ కదలిక తరవాత ఏ కదలిక రావాలో శరీరం ముందుగా వేసుకునే లెక్క తప్పడం. చెయ్యి ఎటు వెళ్ళాలో తెలుసు, వెళ్ళేసరికి నోరు ఇంకోచోట ఉంటుంది.

కాబట్టి నేర్పడం కంటే ముందు చూడటం అవసరం. మూడు రోజులు, మూడు భోజనాలు, ఏమీ అనకుండా ఫోన్లో వీడియో తీసి రాత్రి పిల్లలు పడుకున్నాక చూస్తే చాలు. మెతుకులు ఎక్కడ రాలుతున్నాయి? కంచంలోంచి ఎత్తేటప్పుడా, దారిలోనా, పెదాల దగ్గరా? ఎత్తేటప్పుడే రాలితే పట్టు సమస్య. దారిలో రాలితే కూర్చోవడంలోనే ఏదో తేడా. పెదాల దగ్గర రాలితే బొటనవేలు పని చేయడం లేదు, లేదా పెదాలు మూసుకోవడం లేదు. రోజువారీ పనులు చేసుకోవడం నేర్పే ఆక్యుపేషనల్ థెరపిస్టు దగ్గరికి వెళ్ళినప్పుడు గంటసేపు చెప్పినా అర్థం కాని సంగతి ఈ ఒక్క నిమిషం వీడియో చెబుతుంది.

కూర్చోవడం గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. డబ్బు పెద్దగా ఖర్చు కాకుండా తొందరగా తేడా కనిపించేది ఇక్కడే. మన డైనింగ్ టేబుళ్ళు పెద్దవాళ్ళ కొలతకు చేసినవి. ఆరేళ్ళ పిల్లవాడిని ఆ కుర్చీలో కూర్చోబెడితే టేబుల్ ఛాతీదాకా వస్తుంది, కాళ్ళు గాల్లో ఊగుతాయి. కాళ్ళకు ఆధారం లేకపోతే నడుం నిలవదు, నడుం నిలవకపోతే చెయ్యి నిలవదు. పాదాల కింద ఒక పీటో, తాడుతో గట్టిగా కట్టిన పాత పుస్తకాల కట్టో పెట్టి, టేబుల్ మోచేతి ఎత్తుకు వచ్చేలా కింద దిండు సర్దితే వణికే చెయ్యి కుదురుతుంది. భోజనం మధ్యలో పదిసార్లు లేచిపోయే పిల్లలు కొందరు ఇంతమాత్రానికే కూర్చుండిపోతారు. వాళ్ళు లేచేది అల్లరితో కాదు, ఒళ్ళు నిలవక.

కింద కూర్చుని తినే ఇళ్ళలో ఇబ్బంది ఇంకో రకం. బాసింపట్టు వేసుకుంటే నడుం కొంత నిలుస్తుంది గాని, కంచం నేల మీద ఉంటే నోటికి చాలా దూరం. ముద్ద ప్రయాణం ఎంత పొడుగైతే రాలేది అంత ఎక్కువ. వీపు గోడకు ఆనించి, కంచాన్ని ఇంకో పీట మీద పెడితే దారి సగమవుతుంది. మన ముత్తాతల ఇళ్ళలో పీట కూర్చోవడానికి ఉండేది. ఇక్కడ అది కంచానికి ఎక్కువ పనికొస్తుంది.

ఇక కంచం. అంచు లేని స్టీలు పళ్ళెం గ్రానైట్ మీద జారుతుంది. పిల్లవాడు ముద్ద కోసం వేళ్ళు నొక్కితే పళ్ళెం ముందుకు పోతుంది, వాడు దాని వెంట వంగుతాడు, మెతుకులు అంచు దాటుతాయి. కింద ఒక తడిగుడ్డ మడిచి పరిస్తే కదలదు. నిటారుగా అంగుళం అంచు ఉన్న కంచమైతే వేళ్ళతో తోసిన అన్నం ఆ అంచుకు తగిలి ఆగుతుంది, ముద్ద చేయడానికి అదే గోడ. ఎడమ చెయ్యి కంచం అంచును పట్టుకోవాలని ప్రత్యేకంగా నేర్పాలి, అది దానికదే రాదు.

ఎడమ చెయ్యి మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. ఎడమచేతి వాటం, ఏ చేతి వాటమో తేలకపోవడం ఆటిజం ఉన్న పిల్లల్లో మామూలు కంటే ఎక్కువగా కనిపిస్తాయి. మన ఇళ్ళలో ఎడమ చేత్తో తినడం ఎంత పెద్ద నేరమో తెలిసిందే. అసలే కష్టమైన పనిని ఒంటికి అలవాటు లేని చేత్తో చేయమనడం అన్యాయం. ఎడమ చెయ్యి వాటంగా ఉంటే దాంతోనే తిననివ్వాలి. అమ్మమ్మకు నచ్చజెప్పడం పెద్దవాళ్ళ పని, పిల్లవాడి పని కాదు.

అన్నం వండే తీరు కూడా పాఠంలో భాగమే. ఫంక్షన్ల అన్నంలా పొడిపొడిగా ఉంటే పెద్దవాళ్ళకు ఇష్టం, నేర్చుకునే చేతికి నరకం. నేర్పే రోజుల్లో నీళ్ళు కాస్త ఎక్కువ పోసి మెత్తగా వండి, ముద్దపప్పు, నెయ్యి వేసి కలిపితే ముద్ద దానంతటదే నిలుస్తుంది. పలచటి చారన్నం ఆఖరి మెట్టు, మొదట దాని జోలికి పోకూడదు. చేతికి అంటుకోవడమే బాధైన పిల్లలకు వేళ్ళకు కొద్దిగా నెయ్యి రాయడం పనికొస్తుంది. లడ్డూలు చుట్టేవాళ్ళు చేసేదే. అసలు అన్నంతోనే మొదలుపెట్టాలని కూడా లేదు. ఇడ్లీ ముక్క, చపాతీ ముక్క, అరటిపండు పొడిగా ఉంటాయి, చేతికి అంటవు. అక్కణ్ణుంచి గట్టి ఉప్మా, తరవాత నూనె పట్టిన పులిహోర, ఆ తరవాత పప్పన్నం. పెరుగన్నం చల్లగా, తడిగా, జిగురుగా ఉంటుంది కాబట్టి చాలామందికి అన్నిటికన్నా కష్టం. దానికి చెంచా ఇచ్చేస్తే పోయేదేమీ లేదు. పైగా చెంచాలో నిలిచే అన్నం కూడా అదే. పిడి లావుగా ఉన్న చెంచా అయితే మేలు, లేకపోతే ఉన్నదాని పిడికి గుడ్డ చుట్టుకోవచ్చు.

ఇప్పుడు అసలు నేర్పడం. థెరపిస్టులు బ్యాక్‌వర్డ్ చైనింగ్ అంటారు. పనిని మొదటి మెట్టు నుంచి కాక, చివరి మెట్టు నుంచి వెనక్కి నేర్పడం. పెద్దవాళ్ళే అన్నం కలుపుతారు, ముద్ద చేస్తారు, కంచం అంచున పెడతారు. పిల్లవాడు చేయాల్సింది ఒక్కటే, ఎత్తి నోట్లో పెట్టుకుని బొటనవేలితో నెట్టడం. గోరుముద్దలు తినిపించే ఇంట్లో సగం పాఠం ఇప్పటికే ఉన్నట్టే. ముద్ద నోటిదాకా తీసుకెళ్ళకుండా కంచం అంచున ఆపితే చాలు. ఈ పద్ధతిలో గొప్పతనం ఏమిటంటే కష్టపడిన వెంటనే నోట్లో రుచి పడుతుంది. మొదటి మెట్టు నుంచి నేర్పితే కలపడంతోనే చెయ్యి అలిసిపోతుంది, ఫలితం కనిపించదు, కంచం నెట్టేస్తారు.

బొటనవేలి పని కొన్నాళ్ళు తేలకపోవచ్చు. వెనక కూర్చుని, పిల్లవాడి చేతి మీద చెయ్యి వేసి, వేలిని మెల్లగా కదిలించి చూపించాలి. ఎదురుగా కూర్చుని చూపిస్తే కుడిఎడమలు తారుమారై అయోమయం. చెయ్యి పట్టుకుంటే వెనక్కి లాక్కునే పిల్లల విషయంలో బలవంతం వద్దు. మోచేతి కింద చిన్న ఆధారం ఇచ్చి వదిలేయాలి. ఆ మెట్టు వచ్చాక, విడిగా ఉన్న అన్నాన్ని వేళ్ళతో పోగుచేసుకోవడం. తరవాత కలపడం. కుప్పలోంచి కొంచెం లాక్కోవడం అన్నిటికన్నా చివర. ఒక్కో మెట్టుకు వారాలు పట్టొచ్చు.

మూడు పూటలా నేర్పబోవడం పెద్ద పొరపాటు. బడి బస్సు వచ్చే వేళ పొద్దున పాఠాలేమిటి? సాయంత్రం టిఫిన్ వేళో, ఆదివారం భోజనమో ఎంచుకుని, బాగా ఆకలిగా ఉన్నప్పుడు మొదటి నాలుగైదు ముద్దలు సొంతంగా, మిగతాది ఎప్పటిలా తినిపించడం. అలసట రాకముందే ఆపేయాలి. పిల్లవాడు బక్కచిక్కిపోతున్నాడన్న నానమ్మ బెంగకు కూడా ఇదే మందు, కడుపు నిండుతోంది కదా.

ఫోన్ సంగతి మొహమాటం లేకుండా చెప్పాలి. యూట్యూబ్ పెట్టి తినిపించే ఇళ్ళలో పిల్లవాడు నేర్చుకునేది బొమ్మ కదిలితే నోరు తెరవడం. కళ్ళు కంచం మీద లేకుండా చెయ్యి ముద్ద చేయలేదు, కనీసం నేర్చుకునే రోజుల్లో చేయలేదు. అలాగని ఒక్కరోజులో ఫోన్ లాగేస్తే తిండే మానేసే పిల్లలున్నారు. సొంతంగా తినే ఆ నాలుగు ముద్దలు ఫోన్ లేకుండా, తరవాత ఫోన్‌తో. అలా ఆ నాలుగును ఆరు చేయడం, ఎనిమిది చేయడం. కుక్కర్ విజిల్, మిక్సీ మోత, ఫ్యాన్ చప్పుడు భరించలేక తెరలో తలదాచుకునే పిల్లలైతే ముందు ఆ మోతలు తగ్గించాలి.

నోట్లో కుక్కుకోవడం మాత్రం మెల్లగా చూద్దాంలే అనుకోదగ్గది కాదు. ఉక్కిరిబిక్కిరయ్యే ప్రమాదం నిజమైనది. కంచం నిండా పెట్టకుండా రెండు మూడు ముద్దలే పెట్టి, మింగాక ఇంకో రెండు పెట్టాలి. చిన్న పిల్లలకు వేరుశెనగ గింజలు, ద్రాక్షపళ్ళు అలాగే ఇవ్వకూడదు. ద్రాక్ష నిలువునా కోసి ఇవ్వాలి. పరిగెడుతున్నప్పుడు, ఏడుస్తున్నప్పుడు నోట్లో ముద్ద పెట్టకూడదు. గిన్నె పట్టుకుని వరండా అంతా వెంటపడి తినిపించే మన అలవాటు ఇక్కడ ముద్దుగా ఉండదు.

మూతి తుడవడంలోనూ ఒక కిటుకుంది. ప్రతి ముద్దకీ తువ్వాలుతో పైపైన రాస్తుంటే ఆ తేలికపాటి రాపిడి చాలామంది పిల్లలకు చిరాకు. తడిగుడ్డతో గట్టిగా అద్ది తీయడం నయం, అదీ భోజనం అయ్యాక ఒకేసారి. గడ్డం మీద మెతుకు ఉందని తెలియని పిల్లవాడికి ముందు ఒక చిన్న అద్దం పెడితే స్పర్శ చెప్పని కబురు కన్ను చెబుతుంది. మాటల కంటే బొమ్మలు బాగా అర్థమయ్యే పిల్లలకు చేతులు కడుక్కోవడం, కూర్చోవడం, తినడం, కంచం సింకులో వేయడం, మూతి కడుక్కోవడం వరసగా ఫొటోలు తీసి గోడకు అంటిస్తే రోజూ అరవక్కర్లేదు. కంచం సింకులో పడిన చప్పుడు భోజనం అయిపోయిందనడానికి గుర్తు. ఎప్పుడు అయిపోతుందో తెలిస్తే కూర్చోవడం తేలిక.

ఏ మర్యాదలు నేర్పాలి అన్న ప్రశ్న ఇప్పుడు వస్తుంది. చాలా చెక్‌లిస్టులు పాశ్చాత్య దేశాల్లో తయారయ్యాయి. ఫోర్కు పట్టుకోవడం, కత్తితో కోయడం, భోజనం వేళ కబుర్లు చెప్పడం అందులో ఉంటాయి. మన ఇంట్లో వీటితో పనిలేదు. మన దగ్గర పనికొచ్చేవి వేరు: పక్కవాళ్ళ కంచంలో చెయ్యి పెట్టకపోవడం, ఎంగిలి చేత్తో వడ్డించే గిన్నె ముట్టుకోకపోవడం, ఇంకా కావాలంటే మాటతోనో సైగతోనో బొమ్మతోనో అడగడం, తిన్నాక చెయ్యి కడుక్కోవడం. ఈ నాలుగు వస్తే ఎవరింటికైనా తీసుకెళ్ళొచ్చు. ఎంగిలి అన్న భావన కంటికి కనిపించదు కాబట్టి చెబితే అర్థం కాకపోవచ్చు. వడ్డించే గరిటె పిడికి ఒక ఎర్ర రిబ్బను కట్టి, అది పెద్దవాళ్ళు మాత్రమే ముట్టుకునేది అంటే అర్థమవుతుంది. కూరా అన్నం కలపకుండా విడివిడిగా తినడం, తింటూ ఊగడం, ఎవరి మొహమూ చూడకపోవడం ఎవరికీ నష్టం చేయవు, వాటిని వదిలేయాలి.

థెరపీ సెంటర్లలో సెన్సరీ ఇంటిగ్రేషన్ అన్న మాట బాగా వినిపిస్తుంది. స్పర్శ, కదలిక లాంటి కబుర్లను మెదడు సర్దుకునేలా ఊగడం, పిసకడం, మోయడం లాంటి పనులతో సాధన చేయించడం. కాలిఫోర్నియాలో పనిచేసిన జీన్ ఎయిర్స్ అనే ఆక్యుపేషనల్ థెరపిస్టు పెంచిన ఆలోచన అది. దానికి ఆధారాలు పరిమితంగా ఉన్నాయని, తేల్చిచెప్పలేమని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2012లో చెప్పింది. భోజనానికి ముందు చపాతీ పిండి పిసికించడం, నీళ్ళ బాటిళ్ళు మోయించడం వల్ల కొందరు పిల్లలు కుదురుగా కూర్చుంటారు. రెండు వారాలు చేసి చూసి, తేడా ఉంటే ఉంచుకోవాలి, లేకపోతే మానేయాలి. ఉయ్యాల బల్ల మీద వేలకు వేలు పెట్టే ముందు, దానివల్ల కంచం దగ్గర ఏం మారుతుందో అడగడం తప్పు కాదు. పాలు, పెరుగు, గోధుమ మాన్పిస్తే ఆటిజం తగ్గుతుందన్న ప్రచారం మీద బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2013లోనే స్పష్టంగా చెప్పింది, ఆటిజం మూల లక్షణాలకు ఆ డైట్లు వాడొద్దని. తినేదే అయిదారు రకాలైన పిల్లవాడి నుంచి పెరుగన్నం లాక్కుంటే ఇంక మిగిలేదేమిటి?

డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిన సందర్భాలు వేరు. తినేటప్పుడు తరచూ దగ్గు, పొలమారడం, బరువు పెరగకపోవడం, ఒకప్పుడు తిన్నవి కూడా మానేస్తూ పోవడం, మట్టి, సున్నం, కాగితాలు తినడం. ఈ చివరిది కొన్నిసార్లు ఒంట్లో ఇనుము తక్కువైందని చెప్పే సూచన. ఉన్నట్టుండి తిండి దగ్గర గొడవ మొదలైతే పుచ్చిపన్ను, మలబద్ధకం ఉన్నాయేమో ముందు చూడాలి. మాటలు రాని పిల్లవాడు పంటి నొప్పిని కంచం విసిరి చెప్పగలడు.

సాయం ఎక్కడ దొరుకుతుంది? సికింద్రాబాద్‌లో 1984లో మొదలైన కేంద్ర ప్రభుత్వ సంస్థ నీపిడ్, అంటే మేధో వైకల్యాలున్నవారి జాతీయ సంస్థ, రెండు రాష్ట్రాలవాళ్ళకూ తెలిసిందే. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా స్థాయిలో డైక్ కేంద్రాలు, అంటే పిల్లల ఎదుగుదల సమస్యలను తొందరగా గుర్తించి సాయం చేసే కేంద్రాలున్నాయి. సర్కారు బడుల పరిధిలో మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. వైకల్య సర్టిఫికెట్ ఉంటే కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ నడిపే నిరామయ పథకంలో లక్ష రూపాయల దాకా ఆరోగ్య బీమాకు దరఖాస్తు చేసుకోవచ్చు.

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న తెలుగు ఇళ్ళకు ఇంకో చిక్కు ఉంది. బడిలో థెరపిస్టు పెట్టే లక్ష్యం ఫోర్కుతో తినడం, ఇంట్లో అమ్మ పెట్టేది చేత్తో తినే అన్నం. పిల్లవాడు రెండు పనులు నేర్చుకోవాలి, రెండిటికీ సగం సగం సాధన. చేత్తో తినడం ఎలా ఉంటుందో ఆ థెరపిస్టు చూసి ఉండకపోవచ్చు. మన వేళ్ళు ఎలా కదులుతాయో వీడియో తీసి చూపించి, ఇంట్లో చేత్తో తినడం కూడా ఆ పిల్లవాడి లక్ష్యాల్లో రాయమని అడగాలి. అడిగే హక్కు అక్కడి తల్లిదండ్రులకు ఉంది.

ఇవన్నీ అయ్యాక కూడా పెళ్ళి భోజనాలు వేరే లోకం. మైకు, జనం, వరసగా బల్లలు, జారిపోయే అరిటాకు, అడగకుండానే వడ్డించేసే పదార్థాలు. ఇంట్లో సగం తినిపించి తీసుకెళ్ళడం, రద్దీ లేని మొదటి బంతిలో కూర్చోవడం, వరస చివర చేతులు కడుక్కునే చోటికి దగ్గరగా సీటు పట్టుకోవడం నయం. ఇంటి నుంచి తెచ్చిన అంచు కంచం ఆకు మీద పెట్టి, ఇందులో వడ్డించండి బాబూ అంటే వడ్డించే కుర్రాడు ఒక్క క్షణం ఆగి చూస్తాడు. తరవాత అందులో పప్పు వేసి ముందుకు వెళ్ళిపోతాడు. అతనికి ఇంకా రెండు వరసలు మిగిలే ఉన్నాయి.